ఆరుగురికి ఒకే టేబుల్: పెద్ద చైనీస్-అమెరికన్ రెస్టారెంట్‌లో ఆర్డర్ ఎలా ఇవ్వాలి

[తెర మీద: గుండ్రటి టేబుల్, మధ్యలో తిరిగే గాజు పళ్లెం, చుట్టూ ఆరుగురు.]

నమస్తే అండీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఖరీదైన చైనీస్-అమెరికన్ రెస్టారెంట్‌కి మా ఫ్రెండ్స్ ఆరుగురం మొదటిసారి వెళ్లినప్పుడు ఎవరి మెనూ వాళ్లం తెరిచి, ఎవరికి కావాల్సింది వాళ్లం చెప్పేశాం. నలుగురు ఫ్రైడ్ రైస్ అన్నారు, ఇద్దరు నూడుల్స్ అన్నారు. వాటికి తోడు మూడు రకాల చికెన్. మూడూ తియ్యటి సాస్‌లో వేయించినవే. బిల్లు చూశాక గుండె గుభేలుమంది. తిన్నదేమో మా వీధి చివర టేకౌట్‌లో దొరికేదే.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాం. వడ్డించేవాళ్లని అడిగాం, కొంత చదివాం. అలా తెలిసిన ముఖ్యమైన సంగతి ఇది: ఇక్కడ ఆర్డర్ టేబుల్ మొత్తానికీ కలిపి ఇవ్వాలి. వచ్చినవన్నీ మధ్యలో పెడతారు, అందరూ అన్నీ తింటారు. ఆ వంటల్ని అలా తినడానికే వండుతారు.

[తెర మీద: పాత చైనాటౌన్ వీధి.]

ఎలా ఆర్డర్ ఇవ్వాలో చెప్పే ముందు కాస్త చరిత్ర. "చైనీస్ తిండికి ఇంత ధరా?" అని మనలో చాలామంది అంటారు. నేనూ అన్నాను. చైనీస్ అంటే చవక అనే లెక్క ఎక్కడిదో తెలిశాక అనడం మానేశాను.

1882లో అమెరికా చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం చేసింది. 1943 దాకా దాన్ని ఎత్తేయలేదు. వ్యాపారులకి మాత్రం మినహాయింపు ఉండేది. 1915లో ఒక కోర్టు తీర్పుతో రెస్టారెంట్ యజమానులు కూడా ఆ వ్యాపారుల లెక్కలోకి వచ్చారు. దాంతో బంధువులు, ఊరివాళ్లు డబ్బు పోగేసి రెస్టారెంట్లు పెట్టడం మొదలుపెట్టారు. తమ వాళ్లని చైనా నుంచి అమెరికాకి తెచ్చుకోవడానికి అదొక దారి. అమెరికన్ల నాలుకకి నచ్చేలా, వాళ్ల జేబుకి అందేలా వండాల్సి వచ్చింది. చవకగా అమ్మడం వాళ్లకి బతుకుదెరువు.

ఆ లెక్కని మార్చినవాళ్లలో సిసిలియా చియాంగ్ పేరు ముందు చెప్పుకోవాలి. 1960ల ఆరంభంలో ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కో పోక్ స్ట్రీట్‌లో 'ద మాండరిన్' తెరిచారు. అప్పటికి అమెరికన్లకి తెలిసిన చాప్ సూయీ లాంటివి పక్కనబెట్టి, ఉత్తర చైనా వంటలు, చైనాలోని సిచువాన్ ప్రాంతం వంటలు పెట్టారు. 1968లో గిరార్డెల్లీ స్క్వేర్‌లో పెద్ద హాలుకి మారారు. 2020లో నూరేళ్ల వయసులో కన్నుమూశారు. మన వాళ్లు టీమ్ డిన్నర్‌లకి వెళ్లే పీఎఫ్ చాంగ్స్ ఉంది కదా, అది 1993లో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో మొదలైంది. పెట్టిన ఇద్దరిలో ఒకరు ఆవిడ కొడుకు ఫిలిప్ చియాంగ్. పీఎఫ్ అంటే రెండో ఆయన పాల్ ఫ్లెమింగ్. చియాంగే కాస్త మారి చాంగ్ అయింది.

ఇప్పుడైతే శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లోనే 2016లో తెరిచిన 'మిస్టర్ జియూస్'కి గొప్ప రెస్టారెంట్లకి ఇచ్చే గుర్తింపు మిషెలిన్ స్టార్ కూడా వచ్చింది. ఇటాలియన్‌కో ఫ్రెంచ్‌కో పెట్టే డబ్బు ఈ వంటకి పెట్టడం నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది.

[తెర మీద: మెనూ పేజీలు.]

సరే, ఇక ఆర్డర్. ఆరుగురుంటే ఆరేడు వంటకాలు సరిపోతాయి. మెనూ ఒక్కరి చేతిలో పెట్టండి. ఆ ఒక్కరూ ముందు రెండు ప్రశ్నలు అడగాలి: ఎవరు ఏం తినరు? ఎవరికి ఏదైనా ఎలర్జీ ఉందా? తర్వాత ఒక చల్లటి స్టార్టర్, ఒక సూప్, మాంసం ఒకటి, చేప ఒకటి, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ఒకటి, ఆకుకూర తప్పనిసరిగా ఒకటి, చివర్లో నూడుల్స్. వేయించినది ఒకటి చాలు. ఒకటి కారంగా ఉంటే పక్కనున్నది చప్పగా, ఆవిరి మీద ఉడికించినది అయితే బాగుంటుంది. పెళ్లి భోజనంలో పప్పు, వేపుడు, పులుసు, పెరుగు ఎందుకుంటాయో ఇదీ అందుకే.

పెకింగ్ డక్ తినాలనుంటే టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. చాలా చోట్ల అప్పటికప్పుడు దొరకదు. బాతు తోలుని గంటల తరబడి గాలికి ఆరబెట్టాకే కాలుస్తారు. అప్పుడే అది అప్పడంలా కరకరలాడుతుంది. కాగితమంత పల్చటి రొట్టెలో ఆ తోలు ముక్క, ఉల్లికాడ, కాస్త తియ్యటి నల్లటి సాస్ పెట్టి చుట్టుకుని తినాలి.

అన్నం సంగతి మనకి ముఖ్యం. విందు పద్ధతిలో వడ్డిస్తే అన్నమో నూడుల్సో చివర్లో వస్తాయి. కూరలతో పాటే కావాలంటే మొదట్లోనే చెప్పేయండి.

మంచూరియా మాత్రం వెతక్కండి. అది మన దేశంలో పుట్టింది. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ చేశారని చెబుతారు. మనం షెజ్వాన్ అని పిలిచే ఎర్ర సాస్ కూడా ఇక్కడ ఉండదు. అసలు సిచువాన్ వంటలో మిరియం లాంటి ఒక గింజ వేస్తారు. అది తగిలితే నాలుక తిమ్మిరెక్కుతుంది. మొదటిసారి తిన్నప్పుడు టెన్షన్ పడకండి, అది అంతే.

[తెర మీద: మాపో టోఫు గిన్నె, దగ్గరగా.]

ఇప్పుడు శాకాహారుల విషయం. మా ఆరుగురిలో ఒకమ్మాయి గుడ్డు కూడా ముట్టదు. ఒకసారి, టోఫు అని ఉంది కదా అని మేమే ఆమె కోసం మాపో టోఫు చెప్పాం. ఎర్రటి నూనెలో తెల్లటి ముక్కలు, పైన పచ్చటి ఉల్లికాడలు, చూడ్డానికి ఎంతో బాగుంది. రెండో చెంచా నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. టోఫు ముక్క అడుగున ఆవగింజ కన్నా కాస్త పెద్ద గోధుమరంగు పలుకులు అంటుకుని ఉన్నాయి. పంది ఖీమా. ఎవరినీ ఏమీ అనలేదు. నీళ్లు తాగి, చెంచా బోర్లించి పెట్టేసింది. ఆ రాత్రి ఇంకేమీ తినలేదు. అడగకుండా ఆర్డర్ ఇచ్చిన తప్పు మాదే, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మాపో టోఫులో మామూలుగానే ఖీమా ఉంటుంది. వేయించిన గ్రీన్ బీన్స్‌లో కూడా చాలా చోట్ల వేస్తారు. హాట్ అండ్ సోర్ సూప్‌లో గుడ్డు, తరచూ పంది మాంసం ఉంటాయి. ఆకుకూర మీద ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు. అందుకని "వెజిటేరియన్" అని ఊరుకుంటే చాలదు. "నో మీట్, నో ఎగ్, నో చికెన్ స్టాక్, నో ఆయిస్టర్ సాస్, నో ఫిష్ సాస్" అని విడివిడిగా చెప్పండి. చికెన్ స్టాక్ అంటే కోడి ఉడికించిన నీళ్లు. ఉల్లి, వెల్లుల్లి కూడా తినని పెద్దవాళ్లు వెంట ఉంటే "బుద్ధిస్ట్ వెజిటేరియన్" అనండి. చైనా బౌద్ధ సన్యాసుల వంటలో అవీ వాడరు కాబట్టి వెంటనే అర్థం చేసుకుంటారు. అయినా సాస్‌ల గురించి మళ్లీ అడగండి.

[తెర మీద: తిరిగే పళ్లెం.]

మధ్యలో తిరిగే ఈ పళ్లేన్ని లేజీ సుసాన్ అంటారు. ఎవరైనా వడ్డించుకుంటుంటే తిప్పకూడదు. నెమ్మదిగా, ఒకే వైపు తిప్పాలి. మన ఎంగిలి పట్టింపు ఇక్కడ బాగా పనికొస్తుంది: వంటకంలో ఉన్న గరిటెతోనే వడ్డించుకోండి, మీ చాప్‌స్టిక్స్ అందులో పెట్టకండి. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చితే చనిపోయినవాళ్లకి వెలిగించే అగరొత్తుల్లా కనిపిస్తాయి, అది అస్సలు చేయొద్దు. టీ అయిపోతే కూజా మూత కాస్త తెరిచి పెట్టండి, వచ్చి నింపుతారు. పక్కవాళ్లు మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్లతో టేబుల్ మీద మెల్లగా తట్టడం దక్షిణ చైనాలోని కాంటన్ వాళ్ల థాంక్స్.

బిల్లు వచ్చాక ఒక్కసారి పూర్తిగా చదవండి. ఆరుగురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే చాలా చోట్ల సర్వీస్ చార్జీ ముందే కలిపేస్తారు. కలిపితే మళ్లీ టిప్ ఇవ్వక్కర్లేదు. లేకపోతే 18 నుంచి 20 శాతం ఇవ్వండి.

[తెర మీద: ఖాళీ పళ్లేలు, ఆకుపచ్చ కాడలు.]

మొన్న మళ్లీ వెళ్లాం. ఈసారి మెనూ ఆ అమ్మాయి చేతికే ఇచ్చాం. వెల్లుల్లితో వేయించిన బఠానీ చిగుళ్లు చెప్పింది, స్టాక్ గురించి తనే అడిగింది. బాతు, చేప ఇంకా సగం ఉండగానే ఆ చిగుళ్ల పళ్లెం ఖాళీ అయిపోయింది. ఇంకోటి తెమ్మన్నాం. అది రాగానే పళ్లెం తిప్పి ముందు ఆమె దగ్గర ఆపాం.