వెండి శుద్ధి గదిలో పొగ ఎటు పోతుంది? ఫ్యాను, మాస్కు, పెట్టె రివ్యూ

నమస్కారం. విజయనగరంలో మా ఇంటి పెరటి పాకలో నిలబడి మాట్లాడుతున్నాను. బల్ల మీద ఉన్నవి చూడండి: గోడకు బిగించే 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, రెండు మాస్కులు, నేను సొంతంగా చేసుకున్న ఒక పెట్టె. పాత పట్టీలు, మెట్టెలు నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి ఇంట్లోనే వెండి శుద్ధి చేద్దామనుకునేవారు నన్ను అడిగేది ఒకటే, "ఏ ఫ్యాను కొనమంటారు?" అని. ఈ రోజు యాసిడ్ సీసా మూత తీయను. అగరుబత్తి వెలిగిస్తాను, అంతే.

ముందు ఒక లెక్క. 100 గ్రాముల వెండి తీసుకోండి. నీళ్లు కలిపిన యాసిడ్‌లో అది పూర్తిగా కరిగితే సుమారు ఏడున్నర లీటర్ల నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు. గాలి తగిలాక నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. గిన్నె మీద కనిపించే ఎర్రటి గోధుమరంగు పొగ అదే. ఏడున్నర లీటర్లంటే చిన్న బిందెడు కూడా కాదు, ఇంతేనా అనిపిస్తుంది. ఈ పాక పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు. అంటే 28,300 లీటర్ల గాలి. అందులో ఆ ఏడున్నర లీటర్లు కలిస్తే పది లక్షల పాళ్లలో 265 పాళ్లు. ప్రాణానికి తక్షణ ప్రమాదం అంటూ అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పెట్టిన హద్దు 13 పాళ్లు. ఇరవై రెట్లు దాటిపోయాం! తొందరపడి నీళ్లు కలపని గాఢ యాసిడ్ పోస్తే వాయువు 23 లీటర్ల దాకా వస్తుంది.

ఇక ఫ్యాను. దీన్ని నేను యాసిడ్ పనికి ఒక్కసారే వాడాను. పోయిన ఏడాది, సిరిమాను పండుగకు వారం ముందు, 30 గ్రాముల వెండితో. గోడకు ఆరడుగుల ఎత్తులో ఫ్యాను, దాని కింద బల్ల, బల్ల ముందు నేను. పని అయిపోయాక కాస్త గొంతు మండింది, దగ్గు వచ్చింది, తగ్గింది. అన్నం తిని పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక ఊపిరి అందలేదు. తెల్లవార్లూ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఈ వాయువు చేసే మోసం ఇదే. పీల్చినప్పుడు ఊరుకుంటుంది, గంటలు గడిచాక, ఒక్కోసారి మరునాటికి గానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరదు. పొగ పీలిస్తే బాగానే ఉన్నాను కదా అని ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఏ వాయువు పీల్చారో చెప్పండి. అన్నట్టు, ఈ రెక్కల అంచులు చూశారా? ఆ ఒక్క పూటకే ఈ తుప్పు.

తప్పు ఫ్యానుది కాదు, దాన్ని పెట్టిన చోటుది. అగరుబత్తి పొగ వేడిగా ఉంటుంది కనుక తనంతట తానే పైకి పోతుంది. దాన్ని చూసి ఫ్యాను బ్రహ్మాండంగా లాగేస్తోందని మురిసిపోతాం. గోధుమరంగు వాయువు మాత్రం గాలి కంటే బరువైనది. అందుకే చెంబులో పొగ నింపి, మూత పెట్టి, చల్లారాక బల్ల మీద వంచుతున్నాను. చూడండి... బల్ల మీద పరుచుకుంది, అంచు దాటి కిందికి జారింది. ఇప్పుడు ఫ్యాను వేస్తున్నాను. లేచింది గానీ నా ముఖం మీదుగా లేచింది! పదికి మూడు మార్కులు. ఆ మూడూ వంటింటి పోపు ఘాటుకు.

మాస్కుల సంగతి త్వరగా ముగిస్తాను. ఈ తెల్లది ఎన్95. దుమ్మును ఆపుతుంది, వాయువును ఆపదు. ఇక్కడ సున్నా. రెండోది డబ్బాలు బిగించినది, "ఆమ్ల వాయువులకు" అని రాసి ఉంది. ఆ డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి: క్లోరిన్ ఉంది, సల్ఫర్ డయాక్సైడ్ ఉంది, నైట్రోజన్ ఆక్సైడ్ల పేరు లేదు. వాటికి వేరే వడపోత డబ్బా ఉంటుంది, ఐరోపా గుర్తుల్లో ఎన్ఓ-పీ3 అంటారు, అది ఒక్కసారి వాడి పారేయాల్సిందే.

పెరట్లో చేస్తే సరిపోదా అంటారు. మా మావయ్య కంసాలి, ద్రావకం పనంతా ఆయన వేపచెట్టు కిందే చేసేవాడు. గాలికి వీపు పెట్టి కూర్చునేవాడు. నేనూ అలాగే కూర్చుని అగరుబత్తి పట్టుకుని చూశాను. గాలి నా ఒంటిని దాటి, ముందు సుడి తిరిగి, పొగను ముక్కు దగ్గరకే తెచ్చింది. పక్కకు తిరిగి, గాలి భుజం వైపు నుంచి వచ్చేలా కూర్చుంటే నేరుగా పోయింది. మావయ్యకు ఇది చెబితే నమ్మలేదు, అగరుబత్తి ఇచ్చాక ఒప్పుకున్నాడు.

ఇప్పుడు పెట్టె. పెద్ద ప్లాస్టిక్ డబ్బాను అడ్డంగా పడుకోబెట్టాను. ముందు అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు సందు వదిలి మిగతాది మూశాను. వెనక నాలుగంగుళాల పీవీసీ గొట్టం గోడ దాటి కప్పు పైకి వెళ్తుంది. ఫ్యాను గొట్టం బయటి చివర ఉంది. లోపలి చివర పెడితే, గొట్టం అతుకు ఎక్కడ వదులైనా పొగ గదిలోకే తన్నుకొస్తుంది. సందులో గాలి నిమిషానికి వంద అడుగుల వేగంతో లోపలికి పోవాలన్నది ప్రయోగశాలల్లో పాటించే లెక్క. ఈ చిన్న సందుకు నిమిషానికి 50 ఘనపుటడుగులు లాగే ఫ్యాను చాలు. చెంబు వంచుతున్నాను... ఒక్క పొగ తీగ కూడా బయటికి రాలేదు.

సరిగ్గా రెండో ప్రయత్నంలో కరెంటు పోయింది. ఆ ముక్క కత్తిరించలేదు, చూడండి. ఫ్యాను ఆగగానే పొగ వెనక్కి వచ్చింది. అగరుబత్తినైతే ఆర్పేస్తాను, గిన్నెలో మొదలైన యాసిడ్‌ను ఆర్పడం ఎలా? ఇన్వర్టరు లేకుండా ఈ పెట్టెకు ఆరు మార్కుల కంటే ఇవ్వను. పైగా గొట్టం చివర పక్కింటి పిన్నిగారి బట్టల దండెం వైపే ఉంది.

యాసిడ్ లేకుండా, నగలను మూసలో పెట్టి నిప్పు మీద కరిగించి పోసేటప్పుడూ పొగ ఉంటుంది. పాత నగల అతుకుల్లో కాడ్మియం ఉండవచ్చు. వెండి కరిగేది 962 డిగ్రీల దగ్గర, కాడ్మియం 767కే మరిగి పోతుంది. మూసలో వెండి ఇంకా కరగక ముందే విషం గాలిలో ఉంటుంది. ఇక యాసిడ్ గిన్నెలో చివరికి మిగిలే నీలి నీళ్లలో రాగి ఉంటుంది, మోరీలో పోయకండి.

"ఆ పెట్టెలో ఎన్ని గ్రాములు చేయవచ్చు" అని ఎలాగూ అడుగుతారు. నేనైతే ఒక్క గ్రాము కూడా చేయలేదు. మిగిలిన పట్టీలు శుద్ధి కొట్టులో ఇచ్చేశాను. పెట్టె ఇప్పుడు సోల్డరింగ్ పొగకు వాడుతున్నాను, అందులో బాగుంది.