ఒకే రైలు దారి, మూడు ఊళ్లు, ఒక కోడిగుడ్డు బంతి

అందరికీ నమస్కారం. జర్మనీ బ్లూ కార్డు వీసా గురించో ఇన్‌కమ్ టాక్స్ గురించో చెబుతానని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే సారీ, ఇవాళ నేను మాట్లాడేది ఆట గురించి. అది మన క్రికెట్ కాదు, ఇక్కడి పిల్లలు వీధుల్లో ఆడే ఫుట్‌బాల్ కూడా కాదు. తలకి హెల్మెట్, భుజాలకి ఇంతెత్తు ప్యాడ్లు, చేతిలో కోడిగుడ్డు ఆకారం బంతి, అదండీ, అమెరికన్ ఫుట్‌బాల్. జర్మనీలో దాన్ని ఎవరాడతారు అని నేనూ అనుకున్నాను, న్యూరెంబర్గ్ వచ్చిన కొత్తలో. మా ఆఫీసులో పక్క సీటాయన ఒక సోమవారం కుంటుకుంటూ వచ్చి, "నిన్న ఓడిపోయాం" అన్నాడు. వయసు 38, ఇద్దరు పిల్లలు, రోజూ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. జీతం ఇస్తారా అని అడిగితే నవ్వి, "నేనే నెలనెలా చందా కడతాను" అన్నాడు.

ఆ మాట పట్టుకుని వెళ్లినవాణ్ణి ఇంకా బయటికి రాలేదు. ఇప్పుడు వాళ్ల చిన్న క్లబ్బులో నేను చైన్ పట్టుకునే మనిషిని. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి, వెళ్లారా లేదా అని కొలవడానికి మైదానం అంచున రెండు కర్రలకి కట్టిన పది గజాల గొలుసు ఉంటుంది. కోట్ల రూపాయల ప్రొఫెషనల్ ఆటలో కూడా ఏళ్ల తరబడి ఆ గొలుసుతోనే కొలిచారంటే నమ్మబుద్ధి కాదు.

సరే, అసలు విషయం. న్యూరెంబర్గ్ స్టేషన్‌లో స్టుట్‌గార్ట్ వైపు వెళ్లే రైలెక్కండి. ముందు అన్స్‌బాఖ్ వస్తుంది, తర్వాత క్రైల్స్‌హైమ్, ఆ తర్వాత ష్వేబిష్ హాల్ ఊరి పక్కనున్న హెసెంటాల్ స్టేషన్. మీలో చాలామంది ఈ దారిలో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయి ఉంటారు. ఈ ఆట యూరప్‌లో ఎలా లేచింది, ఎలా పడింది అన్నదంతా ఈ మూడు స్టేషన్లలోనే చూపించొచ్చు.

మొదట అన్స్‌బాఖ్. జనాభా 40 వేల పైచిలుకు, అంటే మన దగ్గర ఒక చిన్న మున్సిపాలిటీ అనుకోండి. పాత రాజుల కోట ఉంది, బాఖ్ సంగీతోత్సవం జరుగుతుంది. పక్కనే కాటర్‌బాఖ్‌లో అమెరికా సైన్యం స్థావరం, ఇప్పటికీ హెలికాప్టర్లు తిరుగుతూనే ఉంటాయి. యుద్ధం తర్వాత ఈ దక్షిణ ప్రాంతమంతా అమెరికన్ల అధీనంలో ఉండింది కదా, సైనికులు తమ స్థావరాల్లో తమ ఆట తాము ఆడుకునేవాళ్లు, బయటి పిల్లలు కంచెకి ఆనుకుని చూసేవాళ్లు. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి జర్మన్ క్లబ్బు పుట్టింది, పేరు లోవెన్, అంటే సింహాలు. 1979లో ఆరు జట్లతో లీగ్ మొదలైంది. అందులో అన్స్‌బాఖ్ గ్రిజ్లీస్ ఒకటి.

ఆ ఏడాది జాతీయ ఫైనల్, దాన్ని జర్మన్ బౌల్ అంటారు, ఫ్రాంక్‌ఫర్ట్ 14, అన్స్‌బాఖ్ 8. ఓడిపోయారు. మళ్లీ ఏడాది ఫైనల్‌కి వచ్చి మళ్లీ ఓడిపోయారు. మూడోసారి, 1981లో, గెలిచారు. 1982లో గెలిచారు. 1983, 84 ఓటమి, 85 గెలుపు, 86 ఓటమి. లెక్కేయండి, మొదటి 8 జర్మన్ బౌల్‌లలోనూ, ఒక్కటి కూడా వదలకుండా, ఈ చిన్న ఊరి జట్టు ఆడింది. బెర్లిన్, మ్యూనిక్ లాంటి నగరాల జట్లన్నీ చూస్తూ ఉండిపోయాయి.

ఆ 1986 ఫైనల్ తర్వాత అన్స్‌బాఖ్ ఇవాళ్టి దాకా మళ్లీ జర్మన్ బౌల్ ముఖం చూడలేదు. పై డివిజన్ నుంచి జారింది, ఆ కింద నుంచీ జారింది, ప్రాంతీయ లీగుల దాకా వచ్చింది.

ఎందుకు? ఎవర్ని అడిగినా టక్కున ఒక జవాబు చెబుతారు: "అమెరికా సైనికులు ఉన్నంతకాలం గెలిచారు, వాళ్లు వెళ్లిపోగానే అయిపోయింది." నేను కూడా మొదట్లో అందరికీ ఇదే చెప్పేవాణ్ణి, చాలా తెలిసినవాడిలా. తర్వాత రైల్లో వెళ్తూ ఆలోచిస్తే ఇది నిలబడే మాట కాదనిపించింది. అన్స్‌బాఖ్ నుంచి సైన్యం పూర్తిగా వెళ్లలేదు, తగ్గింది అంతే. హెలికాప్టర్లు ఉన్నాయని ఇందాకే చెప్పాను. పూర్తిగా వెళ్లిపోయింది తర్వాతి రెండు స్టేషన్ల నుంచి! క్రైల్స్‌హైమ్‌లోనూ, హెసెంటాల్‌లోనూ సైనిక స్థావరాలు 90ల తొలి ఏళ్లలో, కోల్డ్ వార్ ముగిశాక, మూతపడ్డాయి. మరి ఆ ఊళ్లలో ఏం జరిగిందో చూద్దాం.

ఆగండి, దానికంటే ముందు డ్యూసెల్‌డార్ఫ్ సంగతి చెప్పాలి, రైలు దారి కాకపోయినా. డ్యూసెల్‌డార్ఫ్ అమెరికన్ల ప్రాంతం కాదు, బ్రిటిష్ వాళ్లది. అక్కడి ప్యాంథర్ జట్టు 1979లో లీగ్ మొట్టమొదటి మ్యాచ్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ చేతిలో 38-0తో ఓడింది. సున్నా! నాలుగేళ్లు తిరిగేసరికి అదే జట్టు దేశ చాంపియన్. 83, 84, 86, అన్స్‌బాఖ్ ఓడిన ఆ మూడు ఫైనల్సూ ఈ డ్యూసెల్‌డార్ఫ్ చేతిలోనే. వాళ్లు చేసిన పని ఒకటే, పిల్లల జట్లు పెట్టారు. జర్మనీలో అందరికంటే ఎక్కువ జూనియర్ టైటిళ్లు ఆ క్లబ్బువే. మరి మొదటి మ్యాచ్‌లో వాళ్లని చితకబాదిన ఫ్రాంక్‌ఫర్ట్ సింహాలు? రెండు టైటిళ్లు గెలిచి, 80ల మధ్యకల్లా క్లబ్బే లేకుండా పోయింది. ఓడినవాడు నేర్చుకున్నాడు, గెలిచినవాడు కనపడకుండా పోయాడు. (ప్యాంథర్ కూడా తర్వాత రెండో డివిజన్ చూసిందిలెండి.)

ఇప్పుడు ష్వేబిష్ హాల్. ఇదీ 40 వేల ఊరే. క్లబ్బు పేరు యూనికార్న్స్, అంటే ఒంటికొమ్ము గుర్రాలు, పుట్టింది 1983లో. పక్క ఊరు అన్స్‌బాఖ్ జాతీయ ఫైనల్స్ ఆడుతున్న రోజుల్లో వీళ్లది కింది లీగుల్లో ఎవరికీ తెలియని పేరు. జీగ్‌ఫ్రీడ్ గేర్కె అని ఒకాయన ఏళ్లకేళ్లు కోచ్‌గా కదలకుండా కూర్చున్నాడు. అదే వాళ్ల అదృష్టం అని నా లెక్క. 2011లో మొదటి టైటిల్. అంటే పుట్టిన 28 ఏళ్లకి. తర్వాత 2012, 2017, 2018, 2022. స్థావరం మూతపడిన ఊరికి ఐదు టైటిళ్లు, స్థావరం ఉన్న ఊరికి మూడు, అవి కూడా 85 లోపు. కాబట్టి సైనికుల సిద్ధాంతాన్ని నేను వదిలేశాను. సైనికులు ఆటని తెచ్చారు, పాత ప్యాడ్లు ఇచ్చారు, మొదటి పాఠాలు చెప్పారు, నిజమే. కానీ మొదటి ఏళ్లలో అన్స్‌బాఖ్‌కి ఉన్న అసలు బలం, మిగతావాళ్లకి ఆట రాకపోవడం. అందరికీ ఆట వచ్చేశాక ఇంకేదో కావాలి, అది ఆ సమయానికి వాళ్ల దగ్గర సరిపడా లేదు. ఇది నా అభిప్రాయం, అన్స్‌బాఖ్‌లో ఎవరైనా పాతాయన నాతో గొడవ పెట్టుకుంటే నేను ఓడిపోవచ్చు కూడా.

మధ్యలో క్రైల్స్‌హైమ్‌ని వదిలేశాను. అక్కడి టైటన్స్ అనే చిన్న క్లబ్బుకి ఒక కుర్రాడు వచ్చాడు, మోరిట్స్ బోరింగర్. 17 ఏళ్ల వయసులో అమెరికన్ ఆటగాడి వీడియో ఒకటి చూసి ఆట మొదలుపెట్టాడట. ఏడెనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టే అమెరికా పిల్లలతో పోలిస్తే మరీ ఆలస్యం. అక్కడి నుంచి రైల్లో తర్వాతి స్టేషన్, యూనికార్న్స్‌కి మారాడు, 2015లో ఒక్క సీజన్ ఆడాడు. అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2016 డ్రాఫ్ట్‌లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టువాళ్లు ఆరో రౌండులో, 180వ ఎంపికగా అతన్ని తీసుకున్నారు. అమెరికా కాలేజీలో ఒక్క మ్యాచ్ ఆడకుండా యూరప్ నుంచి నేరుగా డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. వైకింగ్స్ తరఫున లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు, అది వేరే సంగతి. చందా కట్టి ఆడే క్లబ్బు నుంచి వెళ్లాడు, నాకు అది చాలు.

ఈ చందా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మనవాళ్లు ఇక్కడ క్రికెట్ క్లబ్బులు పెడుతున్నారు కాబట్టి పనికొస్తుంది. జర్మనీలో ఇవన్నీ "ఫెరైన్"లు, మన సొసైటీ రిజిస్ట్రేషన్ లాంటిది. ఏడుగురు ఉంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. యజమాని ఉండడు. సభ్యులు ఓటేసి కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం, అందులో కోశాధికారి లెక్కలు చదువుతాడు, వెనక వరసలో ఒకాయన ఎప్పుడూ జెర్సీల ఉతుకు ఖర్చు మీద ప్రశ్న వేస్తాడు. ఒక ఫుట్‌బాల్ జట్టుకి, మామూలు ఫుట్‌బాల్‌కి, బంతీ బూట్లూ ఉంటే చాలు. ఇక్కడ ఒక్కో మనిషికి హెల్మెట్, ప్యాడ్లు కలిపి కొన్ని వందల యూరోలు. మ్యాచ్‌కి ముప్పై నలభై మంది కావాలి, ఎందుకంటే దాడికి 11 మంది వేరు, రక్షణకి 11 మంది వేరు, మధ్యలో మోకాళ్లు పోయేవాళ్లు వేరు. సొంత మైదానంలో ఆడితే డాక్టరు, అంబులెన్సు మనమే చూసుకోవాలి, గొలుసు పట్టేవాళ్లు, బ్రాట్‌వర్స్ట్ కాల్చేవాళ్లు మనమే. నిజం చెప్పాలంటే చాలా క్లబ్బుల్లో హెల్మెట్లు కొనేది ఆ సాసేజీలూ బీరూ అమ్మిన డబ్బే.

మైదానం ఇంకో తలనొప్పి. మామూలు ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్లు ఉంటుంది, మనకి కావాల్సింది 120 గజాలు, అంటే దాదాపు 110 మీటర్లు. సరిపోదు. నేను చేరిన మొదటి ఏడాది, ఆదివారం పొద్దున్నే గీతలు గీసే పని నాకు అప్పగించారు. ప్రతి ఐదు గజాలకి ఒక గీత. నేను మీటర్ల టేపు పట్టుకుని ప్రతి ఐదు మీటర్లకి గీసుకుంటూ పోయాను, ఇంజనీర్ని కదా, చాలా నీట్‌గా. అవతలి చివరకి వచ్చేసరికి ఆఖరి గీత పక్కనున్న లాంగ్‌జంప్ ఇసుక గుంటలో పడింది. గజం అంటే 91 సెంటీమీటర్లని పదో క్లాసులో చదివిందే, ఆ పొద్దున గుర్తు రాలేదు. రిఫరీలు పదిన్నరకి వచ్చారు, పిల్లల జట్టు మొత్తం బకెట్లతో గీతలు కడుగుతోంది. ఎవరూ నన్ను తిట్టలేదు, కానీ ఇప్పటికీ ఆ క్లబ్బులో నా పేరు "మీటర్".

డబ్బు ఎక్కువైతే వచ్చే కష్టం ఇంకోరకం. స్పాన్సరు దొరకగానే ప్రతి క్లబ్బూ మొదట చేసేది అమెరికా నుంచి క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసురుతూ దాడిని నడిపించే ఆటగాణ్ణి, తెచ్చుకోవడం. విమానం టికెట్టు, ఉండటానికి గది, జేబు ఖర్చు, అంతే. కాలేజీ ముగించి ఉద్యోగం ఇంకా వెతుక్కోని కుర్రాళ్లు వస్తారు. పై లీగులో మైదానం మీద ఒకేసారి ఇద్దరు అమెరికన్లకి మించి ఉండకూడదని నిబంధన, అది లేకపోతే ఊళ్లో పిల్లలు బెంచీ మీదే ముసలివాళ్లవుతారు. సెప్టెంబరులో ఆ కుర్రాడు వెళ్లిపోతాడు, స్పాన్సరు కూడా వెళ్లిపోతే మరుసటి ఏడాది జట్టు రెండు మెట్లు కింద ఉంటుంది.

పెద్ద స్థాయిలో కూడా ఇదే కథ. అమెరికా ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు యూరప్‌లో సొంత లీగు నడిపారు, 2007 జూన్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫైనల్‌కి 48 వేల మంది వచ్చారు, ఆ వారంలోపే లీగు మూసేశారు, నష్టాలు భరించలేమని. 2021లో ఇంకో ప్రొఫెషనల్ లీగు, యూరోపియన్ లీగ్ ఆఫ్ ఫుట్‌బాల్, కొన్ని పాత జట్ల పేర్లతోనే వచ్చింది. స్టుట్‌గార్ట్ జట్టు అందులో 2022లో ఆడిన 12 మ్యాచ్‌లూ ఓడిపోయింది. 2023లో యూనికార్న్స్ కోచ్ జోర్డన్ న్యూమన్‌ని తెచ్చుకున్నారు, అదే ఏడాది ఫైనల్, 2025లో టైటిల్. స్టుట్‌గార్ట్‌కి పండగ. ఆ రైలు దారిలో వెనక స్టేషన్‌లో ఉన్న క్లబ్బు నుంచి చూస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పదేళ్లు పెంచిన తోటలో కాయలు పక్కింటివాడు కోసుకున్నట్టు. తప్పు అనను, ఎవరికైనా పైకి వెళ్లాలనే ఉంటుంది. కడుపు మంట మాత్రం ఉంటుంది.

అన్నట్టు, మన హైదరాబాద్ పేరుతో కూడా ఒక జట్టు ఉండేది, స్కైకింగ్స్. ఇండియాలో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ అని అమెరికా పెట్టుబడితో పెట్టారు, 2012లో మొదటి సీజన్ కొలంబోలో ఆడించి టీవీలో చూపించారు. ఈ గదిలో ఎంతమందికి తెలుసు? ఇద్దరు. అదీ, చేతులెత్తిన ఇద్దరూ కూడా సందేహంగానే ఎత్తారు. అక్కడ టీవీ ముందు వచ్చింది, చందా కట్టేవాడు రాలేదు.

మ్యూనిక్‌లో 2022 నవంబరులో ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌కి దాదాపు 70 వేల మంది వచ్చారు, టికెట్లు దొరకక కొట్టుకున్నారు. మా మ్యాచ్‌కి పోయిన ఆదివారం కుక్కలతో కలిపి 130. టికెట్టు ఏడు యూరోలు, పిల్లలకి ఉచితం.

వచ్చే ఆదివారం మళ్లీ ఉంది, మధ్యాహ్నం మూడింటికి. గొలుసు పట్టడానికి ముగ్గురం కావాలి, ఇప్పటికి ఇద్దరమే ఉన్నాం. జర్మన్ రాకపోయినా పర్లేదు, రిఫరీ చెయ్యి ఊపితే కర్ర పట్టుకుని పరిగెత్తడమే. పొద్దున తొమ్మిదికి వస్తే గీతలు కూడా మీరే గీయొచ్చు, నా చేతికి టేపు ఇవ్వడం మానేశారు.