టీటీ ఇంజెక్షన్ సెప్టిక్‌కి కాదు, విషానికి

కాలికి మేకు గుచ్చుకుందనగానే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "సెప్టిక్ అవుద్ది, ముందు టీటీ వేయించుకో." వేయించుకోవడం మంచిదే. కానీ అది ధనుర్వాతం (టెటనస్) రాకుండా వేసే టీకా, చీము పట్టకుండా ఆపే మందు కాదు. అసలు ఏ క్రిమినీ చంపదు. ఎన్నిసార్లు చెప్పినా "టీటీ వేయించుకుంటే సెప్టిక్ అవ్వదు కదా?" అని మళ్లీ అదే ప్రశ్న వస్తోంది. అందుకే ఈసారి ఆ టీకా ఎలా పుట్టిందో చెప్తాను.

1884లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్థర్ నికొలాయర్ తోటమట్టిని జంతువుల ఒంట్లోకి ఎక్కించాడు. వాటికి ధనుర్వాతం వచ్చింది. మేకు లేదు, తుప్పు లేదు, ఉత్త మట్టి! తుప్పు వల్లే ధనుర్వాతం వస్తుందన్న అపోహ ఆ రోజే పోవాల్సింది.

మట్టిలో ఉండి ధనుర్వాతం తెచ్చే క్రిమిని విడిగా పట్టుకున్నది మాత్రం 1889లో, బెర్లిన్‌లో క్రిముల శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ దగ్గర పనిచేస్తున్న జపాన్ డాక్టర్ కితసాతో షిబసబురో. ఈ కథలో నాకు బాగా ఇష్టమైన మనిషి. చీములో రకరకాల బ్యాక్టీరియా కలగలిసి ఉంటాయి కదా, దాన్ని 80 డిగ్రీల వేడిలో ఉంచాడు. మిగతావి చచ్చాయి, దీని స్పోర్లు (వేడిని తట్టుకునే గట్టి రూపాలు) బతికాయి. దీనికి ఆక్సిజన్ పడదు కాబట్టి హైడ్రోజన్ నింపిన పాత్రలో పెంచాడు. అంత ఓపిక!

క్రిమి గాయం దగ్గరే ఉండిపోతుంది. ఒళ్లంతా విల్లులా బిగుసుకుపోయేది అది వదిలే విషం వల్ల. అంటే పోరాడాల్సింది విషంతో.

1890 డిసెంబరులో జర్మన్ డాక్టర్ ఎమిల్ బేరింగ్, కితసాతో కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. ధనుర్వాతాన్ని తట్టుకునేలా తయారుచేసిన కుందేలు రక్తం తీసి, కొంచెం ఎలుకల పొట్టలోకి ఎక్కించారు. 24 గంటల తర్వాత వాటికి క్రిమిని ఇచ్చారు. ఆ రక్తం అందని ఎలుకలు ఒకటిన్నర రోజులో చచ్చిపోయాయి. అందినవి హాయిగా తిరిగాయి. 1901లో మొదటి వైద్య నోబెల్ బేరింగ్ ఒక్కడికే ఇచ్చారు. కితసాతోకీ ఇచ్చి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయం. కుందేలు ఒంట్లో తయారైన విషం విరుగుడు ఆ రక్తంతో ఎలుకకి అందింది, అంటే దానికి దొరికింది అప్పు బియ్యం. ఇంట్లో గింజ లేనప్పుడు పక్కింటి నుంచి తెచ్చుకున్నట్టు. ఈ పూట ఆకలి తీరుతుంది, తర్వాత డబ్బా ఖాళీ. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి ఇచ్చిన గుర్రం సీరమ్ (గుర్రం రక్తం నుంచి తీసిన విరుగుడు ద్రవం) కూడా అంతే. ధనుర్వాతం కేసులు బాగా తగ్గాయి, కానీ రక్షణ కొన్ని వారాలే. పైగా గుర్రం ప్రొటీన్ పడక కొందరికి జ్వరం, దద్దుర్లు.

మరి సొంత పంట పండాలంటే, అంటే మన ఒళ్లే విరుగుడు తయారుచేసుకోవాలంటే? విత్తనం కావాలి. ఇక్కడ విత్తనం ఆ విషమే, అదే చిక్కు. చల్లితే పొలమే మాడిపోతుంది. ఎంత ఘోరమైన విషమంటే, శరీరం గుర్తుపట్టి నేర్చుకోవడానికి సరిపోయేంత ఒంట్లో చేరకముందే మనిషి పోతాడు. అందుకే ధనుర్వాతం వచ్చి తగ్గినవాళ్లకి కూడా రక్షణ రాదు, వాళ్లూ టీకా వేయించుకోవాల్సిందే.

దీనికి దారి దొరికింది పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో. గాస్టన్ రామోన్ డిఫ్తీరియా (కంఠసర్పి) విషంలో ఫార్మలిన్ అనే రసాయనం కలిపి కొన్ని వారాలు వెచ్చగా ఉంచాడు. విషగుణం పోయింది, శరీరం గుర్తుపట్టే రూపం మిగిలింది. 1924లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డెకోంబే ధనుర్వాతం విషంతో అదే చేసి చూపించాడు. పొలాన్ని మాడ్చని విత్తనం! తర్వాత కొన్నేళ్లలోనే మనుషులకీ ఇచ్చారు. పంట చేతికి రావడానికి టైమ్ పడుతుంది, అందుకే ఒక్క డోసు చాలదు. మధ్యలో మళ్లీ చల్లాలి, దాన్నే బూస్టర్ అంటాం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో టీకా వేసుకున్న అమెరికా సైన్యంలో గాయాలతో 27 లక్షలకు పైగా ఆస్పత్రిలో చేరితే, ధనుర్వాతం వచ్చింది 12 మందికి. మన దేశంలో 2015కల్లా బాలింతల్లో, పసికందుల్లో ఇది ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయింది.

ఇప్పుడు గాయమైతే? ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగండి. సెప్టిక్‌ని ఆపేది అది, అవసరమైతే డాక్టర్ ఇచ్చే యాంటీబయాటిక్. డోసులన్నీ పూర్తయి, చివరిది ఐదేళ్లలోపే వేసుకుని ఉంటే మళ్లీ అక్కర్లేదు. అసలు ఎప్పుడూ టీకా లేనివాళ్లకి మట్టి పట్టిన లోతు గాయమైతే అప్పు బియ్యం, విత్తనం రెండూ ఒకే రోజు: ఒక చోట ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న విరుగుడు), ఇంకో చోట టీకా. ఇప్పుడు టీటీ బదులు డిఫ్తీరియాకి కూడా పనిచేసే టీడీ ఇస్తున్నారు. మీ చివరి డోసు తేదీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే.