ఆలాపల్లి టేకు

శ్రోతలకు నమస్కారం.

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. అక్కడ బోర్డులు మరాఠీలో ఉంటాయి, బేరాలు తెలుగులో సాగుతాయి. సిరొంచ నుంచి అడవి మధ్యగా ఉత్తరానికి పోయే రోడ్డు ఆలాపల్లి చేరుస్తుంది. బస్సులో దాటిపోయేవాళ్లకి అదొక మామూలు ఊరు, గడ్చిరోలి జిల్లాలో ఒక కూడలి. కలప వ్యాపారి దగ్గర మాత్రం ‘ఆలాపల్లి టేకు’ అని చూడండి, మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

టేకు మాను కొట్టడం ఒక పని. దాన్ని అడవి దాటించడం వేరే పని, కష్టమంతా అందులోనే. అటవీశాఖ అడవిని కూపులనే ముక్కలుగా విడగొట్టి, ఏ ఏడు ఏ కూపు కొట్టాలో ముందే రాసిపెట్టుకునేది. కొట్టాల్సిన చెట్టుకి సుత్తితో ముద్ర వేసేవారు. ముద్ర లేని దుంగ దొరికిందంటే అది దొంగ కలపే. బండి పోలేని చోట దుంగకి గొలుసు కట్టి ఏనుగుతో లాగించేవారు. బాట దాకా వచ్చాక ఎడ్లబండి, తర్వాతి రోజుల్లో లారీ. డిపోలో పొడవు, చుట్టుకొలత చూసి, దుంగ మీద నంబరు వేసి, వరసలు పేర్చి వేలం పాడేవారు.

రైలు రాకముందు నదే దారి. దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీద కిందికి వదిలేవారు. 1860లో నిజాం నుంచి ఈ ప్రాంతం బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చాక సిరొంచ అప్పర్ గోదావరి జిల్లాకి ముఖ్య పట్టణమైంది. గోదావరిని పడవల దారి చేయాలన్నది కాటన్ దొర ఆశ. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట లేచింది కానీ, ఆ పథకం 1871లో ఆగిపోయింది. మూడేళ్లకి జిల్లా కూడా రద్దయింది. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయ్యాక దక్షిణాదికి పోయే సరుక్కి బల్లార్షా గుమ్మమైంది.

బల్లార్షా కలప డిపోలో ఇప్పటికీ పేరున్న టేకే దొరుకుతుంది. 2023 మార్చిలో అయోధ్య రామాలయం కోసం చంద్రపూర్, గడ్చిరోలి అడవుల టేకును అక్కడి నుంచే ఊరేగింపుగా పంపారు. చూడ్డానికి బాగుంది. గొడ్డలి పట్టినవాళ్ల ఊసు మాత్రం నాకు ఆ వార్తల్లో కనపడలేదు. ఆ పాత రోజుల్లో పొద్దంతా టేకు కొట్టిన కూలీ, తన ఇంటికి ఒక దూలం కావాలంటే గార్డు ముందు నిలబడాల్సి వచ్చేది. అడవి సర్కారుది, కూలి మనది.

ఒక విచిత్రం చెప్పాలి. కొట్టడమే పనిగా ఉన్న శాఖ, ఆలాపల్లి దగ్గర ఒక ముక్కను మాత్రం కొట్టకుండా ఉంచింది. దాని పేరు గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి. 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. మహారాష్ట్రలో ఆ గుర్తింపు పొందిన మొదటి చోటు అదే. పాత టేకు మాను ఎంత లావు ఉండేదో పిల్లలకి చూపించాలంటే నేరుగా అక్కడికే తీసుకెళ్లండి.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఎండాకాలం చేతిలో డబ్బు ఆడేది బీడీలు చుట్టే తునికాకుతో. 2006 అటవీ హక్కుల చట్టం తర్వాత జిల్లాలో చాలా గ్రామసభలు తామే ఆకు వేలం వేసుకుంటున్నాయి. గుత్తేదారుతో బేరం ఊళ్లోనే, అందరి ముందూ. గొడవలు లేవని కాదు, డబ్బు ఆలస్యమైతే కేకలూ ఉంటాయి. అయినా లెక్క అడిగే హక్కు ఊరికి వచ్చింది. టేకు కాలంలో ఆ మాటే లేదు.

ఇక ఏనుగుల సంగతి. దుంగలు లాగే పని పోయినా కమలాపూర్‌లో అటవీశాఖ ఏనుగుల క్యాంపు నడుస్తూనే ఉంది. ఆదివారాలు జనం పిల్లలతో వెళ్లి చూసొస్తారు. 2022లో ఈ జిల్లా ఏనుగులను గుజరాత్ పంపుతారన్న మాట రాగానే కమలాపూర్ జనం వద్దంటూ రోడ్డెక్కారు. లారీల మీద టేకు పోతుంటే ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకున్నారు గానీ, ఏనుగుల దగ్గర మాత్రం ఊరుకోలేదు.