కాలేయాన్ని కొలవడానికి ఒక్క అంకె ఎందుకు చాలదు?

[తెరపై: మామూలు అల్ట్రాసౌండ్ చిత్రం. కాలేయం తెల్లగా, పక్కనే కిడ్నీ నల్లగా.]

పొట్ట స్కానింగ్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1’ అన్న మాటను మీలో చాలామంది చూసే ఉంటారు. కాలేయం కిడ్నీ కంటే ఎంత తెల్లగా ఉందో ప్రధానంగా కంటితో పోల్చి రాసే మాట అది. చూసే వైద్యుడు మారితే గ్రేడు కూడా మారవచ్చు. పరిమాణాత్మక అల్ట్రాసౌండ్ కంటి అంచనాపై ఆధారపడకుండా, తిరిగి వచ్చిన ధ్వని సంకేతం నుండే అంకెలను రాబడుతుంది.

[తెరపై: లోతుకు పోయేకొద్దీ పలచబడే అలలు.]

లోతుకు వెళ్లేకొద్దీ ధ్వని ఎంత త్వరగా బలహీనపడుతుందో చెప్పేది క్షీణత. కొవ్వు పెరిగితే ఇదీ పెరుగుతుంది. ఫైబ్రోస్కాన్ యంత్రం మీటరుకు 100 నుండి 400 డెసిబెల్స్ వరకు చూపే ‘క్యాప్’ విలువ ఈ కోవలోనిదే. కొవ్వు బిందువులను తాకి వెనక్కి చెదిరే ధ్వని మరో కొలత. ఇక ధ్వని వేగం: మామూలు యంత్రాలు శరీరంలో అది సెకనుకు 1540 మీటర్లని అనుకుని బొమ్మ గీస్తాయి, కానీ కొవ్వులో ధ్వని సుమారు 1450 మీటర్ల వేగంతోనే నడుస్తుంది కనుక, కొవ్వు పట్టిన కాలేయంలో వేగం పడిపోతుంది.

[తెరపై: చిన్న కుదుపు, అడ్డంగా పాకే అల.]

గట్టిదనం కొలత వేరు. కణజాలంలో కుదుపు పుట్టించి, అది పాకే వేగాన్ని కొలుస్తారు. వేగం రెట్టింపయితే గట్టిదనం నాలుగు రెట్లవుతుంది. ఇది ఫైబ్రోసిస్‌ను, అంటే కాలేయంలో మచ్చ కట్టడాన్ని, చూపుతుందని అంటారు గానీ, నిజానికి చూపేది గట్టిదనాన్ని మాత్రమే. వాపు, గుండె బలహీనత వల్ల కాలేయంలో నిలిచిన రక్తం, చివరికి అప్పుడే తిన్న భోజనం కూడా దాన్ని పెంచగలవు. కనీసం 3 గంటలు ఏమీ తినకుండా రమ్మనేది అందుకే.

[తెరపై: ఒకే రోగి, రెండు అంకెలు పక్కపక్కన.]

సిర్రోసిస్, అంటే మచ్చలు కాలేయమంతా కమ్మేసిన దశ, ముదిరిన కొందరిలో కాలేయంలోని కొవ్వు తగ్గిపోతుంది. అప్పుడు క్యాప్ ఒక్కటే చూసినవారు జబ్బు నయమవుతోందని పొరబడతారు. పక్కనే పెరిగిన గట్టిదనం అసలు సంగతి బయటపెడుతుంది. 2020లో ప్రచురితమైన ‘ఫాస్ట్’ స్కోరు గట్టిదనం, క్యాప్ విలువలకు ఏఎస్‌టీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) రక్తపరీక్షను జోడించి ఒకే అంకెగా లెక్కకట్టే సూత్రం.

అయితే కొలతలు ఎక్కువైనంత మాత్రాన సమాచారం అంతే పెరగదు. క్షీణత, వెనక్కి చెదిరే ధ్వని రెండూ కొవ్వుతోనే పెరుగుతాయి కనుక, రెండోది కొత్తగా చెప్పేది కొంతే. పైగా ఒక కంపెనీ యంత్రంతో తయారుచేసిన ఇలాంటి సూత్రంలో మరో కంపెనీ యంత్రం ఇచ్చిన అంకెలను వేస్తే వచ్చే ఫలితాన్ని, ఎంఆర్‌ఐ కొవ్వు కొలతతోనో బయాప్సీతోనో (కాలేయపు చిన్న ముక్కను తీసి చేసే పరీక్ష) సరిచూడకుండా నమ్మడానికి వీల్లేదు.