కంది, ఉలవ: పదును చూసి ఎరువు

రైతన్నలకు, అక్కలకు నమస్కారం.

మన తిరుపతి, చిత్తూరు వైపు కందికి ఒక చిక్కుంది. జూన్, జూలైలో వేరుశనగ సాళ్ల మధ్య విత్తిన కంది అక్టోబరు, నవంబరులో పూతకొస్తుంది. ఈశాన్య రుతుపవనం మనకు గట్టిగా కురిసేదీ అప్పుడే. మొక్క ఎదిగేటప్పుడు బెట్ట, పూతలో ముసురు. ఎరువు ఈ రెంటినీ చూసుకునే వేయాలి.

కందే పూర్తిగా వేసిన చేనుకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం కావాలి. అంటే యూరియా 18 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 125 కిలోలు. చాలామంది ఒక బస్తా డీఏపీతో సరిపెడతారు. భాస్వరం అందుతుంది గానీ, సూపర్‌లో ఉండే గంధకం, కాల్షియం రావు.

భాస్వరాన్ని పైన చల్లవద్దని గట్టిగా చెబుతున్నాను. అది నేలలో కదలదు, తడి ఉంటేనే వేరుకు అందుతుంది. వారం ఎండ కాస్తే పైమట్టి ఆరిపోతుంది, ఎరువు అక్కడే చిక్కుకుంటుంది. పైగా మన ఎర్రనేలలో ఇనుము దాన్ని పట్టేసుకుంటుంది. విత్తేటప్పుడే గింజకు రెండంగుళాలు పక్కగా, కిందుగా పడేలా వేయండి.

విత్తనశుద్ధిలో తెగులు మందు ముందు, రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవి) చివర. 8–10 కిలోల విత్తనానికి 200 గ్రాముల పొడి, పల్చని బెల్లం నీళ్లతో పట్టించి నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తేయాలి. నెల తర్వాత ఒక మొక్కను మట్టిగడ్డతో సహా తవ్వి, వేరు బుడిపెను చిదిమి చూడండి. లోపల ఎర్రగా ఉంటే గాలిలోని నత్రజనిని పడుతోంది. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలు కాలేదు, ఆకుపచ్చగా ఉంటే పని ఆగిపోయింది. యూరియా ఎక్కువైనా, నీళ్లు నిలిచి వేరుకు గాలి అందకపోయినా ఇలాగే అవుతుంది.

వాన పడిందని పూతకు ముందు మళ్లీ యూరియా చల్లకండి. ఆకు గుబురెక్కుతుంది. ముసురులో మరుకా పురుగు పూతను గూళ్లుగా కట్టేస్తే, ఆ గుబురులోకి మందు దిగదు. వాన వెలిసిన వెంటనే కాలువలు తీసి నీళ్లు బయటికి పంపండి. తర్వాత లీటరుకు 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) పిచికారీ చేస్తే పైరు తేరుకుంటుంది.

బెట్టలో మాత్రం లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం ఆకు మీద కొట్టవచ్చు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లకు 4 కిలోలే పడుతుంది, బుడిపెలకు హాని లేదు.

వానలు ఆలస్యమై కంది అదును దాటితే పట్టుబట్టి విత్తకండి. సెప్టెంబరు పదునులో ఉలవ వేసుకోండి, ఎరువు కందికి చెప్పినదాంట్లో సగం చాలు.