మెమరీని ఖాళీ చేయకండి, ప్రీఫెచ్‌ను తుడవకండి

కర్నూలులో ఏ ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లినా, కంప్యూటర్ కొంచెం నెమ్మదించగానే ఒకే తంతు జరుగుతుంది. ముందు డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి ఐదారుసార్లు రిఫ్రెష్ నొక్కుతారు. తరువాత రన్ పెట్టెలో ప్రీఫెచ్ అని టైపు చేసి, తెరుచుకున్న ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటినీ తొలగిస్తారు. చివరగా, మెమరీని శుభ్రం చేస్తామని చెప్పుకొనే ఏదో ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నడుపుతారు. పిల్లలు దీనిని చూసి నేర్చుకుని ఇంట్లో ల్యాప్‌టాప్ మీద కూడా ఇదే చేస్తున్నారు. వీటిలో మొదటిది నిరుపయోగం, మిగిలిన రెండూ కంప్యూటర్‌కు చేటు చేసేవి.

రిఫ్రెష్ అంటే ఆ ఫోల్డర్‌లో ఏమేమి ఉన్నాయో మళ్లీ చదివి తెర మీద కొత్తగా చూపమని చెప్పడమే. అది కంప్యూటర్ వేగాన్ని పెంచదు. ఇక అసలు విషయానికి వద్దాం.

పాతబస్తీలో ఒక కిరాణా అంగడిని ఊహించుకోండి. ముందు బల్ల ఉంటుంది, వెనుక సందులో గోడౌన్ ఉంటుంది. బల్ల మీది సరుకు చేయి చాచితే అందుతుంది, గోడౌన్‌లోది కావాలంటే ఎవరో ఒకరు నడిచి వెళ్లి తేవాలి. మీ ర్యామ్, అంటే మెమరీ, ఆ బల్ల, మీ డిస్క్ ఆ గోడౌన్. ర్యామ్ నుంచి సమాచారం అందడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, కొత్తరకం డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీ నుంచి సుమారు 100 మైక్రోసెకన్లు, పాత హార్డ్ డిస్క్ నుంచి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఎస్‌ఎస్‌డీ వెయ్యి రెట్లు, హార్డ్ డిస్క్ లక్ష రెట్లు నెమ్మది. ఇంత తేడా ఉన్నప్పుడు, తెలివైన అంగడి యజమాని బల్లను ఖాళీగా ఉంచుకుంటాడా?

(తెర మీద: టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమరీ)

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌ను తెరిచి, పెర్ఫార్మెన్స్ కింద మెమరీ పేజీలో కింద ఉన్న అడ్డపట్టీని చూడండి. దానిలో ‘ఇన్ యూజ్’ అన్న భాగం ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రాములది. ‘స్టాండ్‌బై’ అన్న భాగం, ఇంతకుముందు వాడిన సరుకును మళ్లీ ఎవరైనా అడుగుతారేమోనని బల్ల మీదే ఉంచిన చోటు. ‘ఫ్రీ’ అన్న భాగం చాలా తక్కువగా కనబడితే భయపడనక్కరలేదు. కొత్త ప్రోగ్రాము చోటు అడిగిన క్షణంలోనే స్టాండ్‌బైలోని సరుకు పక్కకు తప్పుకుంటుంది, దాని అసలు ప్రతి గోడౌన్‌లో ఎలాగూ భద్రంగా ఉంటుంది. అందుకే ఈ రెండు భాగాలనూ కలిపి విండోస్ ‘అవైలబుల్’ అని చూపుతుంది, మీరు గమనించవలసిన అంకె అదొక్కటే. విండోస్ బదులు లైనక్స్ వాడేవారు ‘ఫ్రీ’ ఆదేశం ఇచ్చినప్పుడు కూడా ‘అవైలబుల్’ అన్న చివరి నిలువు వరుసనే చూడాలి.

మరి మెమరీని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ చేసే పని ఏమిటి? నడుస్తున్న ప్రోగ్రాముల చేతిలోని సరుకును సైతం బలవంతంగా పక్కకు నెట్టిస్తుంది, కొన్నయితే స్టాండ్‌బైను కూడా తుడిచేస్తాయి. ‘ఇన్ యూజ్’ అంకె తగ్గుతుంది, చూసినవారికి సంతోషం కలుగుతుంది, కాని మరుక్షణం మీరు బ్రౌజర్‌ను తాకగానే అదే సరుకు కోసం గోడౌన్‌కు మళ్లీ పరుగు మొదలవుతుంది. జనం కిటకిటలాడే వేళ బల్ల మీది మూటలన్నీ వెనక్కి మోయించి, బల్ల ఎంత శుభ్రంగా ఉందో చూడండని చూపించే పనివాడిని ఏ యజమానీ మెచ్చుకోడు. అలాంటి పనికి డబ్బు చెల్లించి మరీ సాఫ్ట్‌వేర్ కొనడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ప్రీఫెచ్ సంగతి ఇంకా ముఖ్యం. మన ఊరిలో పొద్దున్నే ఉగ్గాని కోసం బొరుగులు అడిగేవారు ఎక్కువ కనుక, యజమాని తెల్లవారకముందే బొరుగుల మూటను గోడౌన్ నుంచి తెప్పించి బల్ల పక్కన పెట్టుకుంటాడు. బొరుగులు అడిగినవారు పుట్నాలపొడి కూడా అడుగుతారని అతనికి తెలుసు కాబట్టి అదీ సిద్ధంగా ఉంచుతాడు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ సరిగ్గా ఇదే చేస్తోంది. ఒక ప్రోగ్రాము తెరిచిన మొదటి 10 సెకన్లలో ఏయే ఫైళ్లు అడిగిందో గమనించి, ఆ వివరాన్ని ప్రీఫెచ్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలుగా రాసి పెట్టుకుని, మరుసటిసారి వాటిని ముందే తెస్తుంది. 2007లో విస్టాతో వచ్చిన సూపర్‌ఫెచ్, ఏ వేళకు ఏ ప్రోగ్రాము వాడతారో కూడా నేర్చుకుంది. ఇప్పుడు దాని పేరు సిస్‌మెయిన్. మీరు ప్రీఫెచ్ ఫోల్డర్‌ను తుడిచినప్పుడు పోయేది చెత్త కాదు, ఎవరికి ఏది కావాలో యజమాని రాసుకున్న చిట్టా. పాత ఫైళ్లను విండోస్ తనంతట తానే తీసేస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రంలో ఈ నష్టం అంతగా తెలియదు, హార్డ్ డిస్క్‌తో నడిచే పాత డెస్క్‌టాప్‌లో మాత్రం ఎవరికైనా కనబడుతుంది.

నిజమైన ఇబ్బంది ఎప్పుడంటే, నడుస్తున్న ప్రోగ్రాములకే బల్ల చాలనప్పుడు. అప్పుడు సగం కట్టిన పొట్లాలను కూడా గోడౌన్‌లోని పేజ్ ఫైల్ అనే మూలకు పంపి, అడిగినప్పుడల్లా వెనక్కి తెప్పించుకోవలసి వస్తుంది. ‘అవైలబుల్’ అంకె అడుగంటి, అదే సమయంలో డిస్క్ వాడకం 100 శాతం దగ్గర నిలిచిపోతే మీ రోగం ఇదే కావచ్చు. ముందు టాస్క్ మేనేజర్‌లోనే ఉన్న స్టార్టప్ యాప్స్ పేజీకి వెళ్లి, కంప్యూటర్ వెలిగినప్పటి నుంచీ ఏమీ కొనకుండా బల్ల చుట్టూ నిలబడే ప్రోగ్రాములను ఆపివేయండి.

సమయం మించిపోతున్నది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. విండోస్ 8 నుంచి వస్తున్న ఫాస్ట్ స్టార్టప్ అనే త్వరగా వెలిగే సదుపాయం అమలులో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి భాగం పూర్తిగా కొత్తగా మొదలు కాదు కాబట్టి, యంత్రం మొండికేసినప్పుడు రీస్టార్ట్ చేయండి. ఎస్‌ఎస్‌డీని బయటి సాఫ్ట్‌వేర్‌తో డీఫ్రాగ్ చేయకండి, అంటే ముక్కలుగా ఉన్న ఫైళ్లను ఒకచోట చేర్చకండి; దానికి కావలసిన ట్రిమ్‌ను, అంటే తొలగించిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని డిస్క్‌కు తెలిపే పనిని, విండోస్ చూసుకుంటుంది. ఏప్రిల్, మే నెలలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకున్న ల్యాప్‌టాప్ ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, దానిని చూసి మెమరీని నిందించకండి. హార్డ్ డిస్క్ ఉన్నవారు మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి, ఆ తరువాతే ర్యామ్ గురించి ఆలోచించండి. ర్యామ్ కొనడానికి అంగడికి వెళ్లే ముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే ‘స్లాట్స్ యూజ్డ్’ ఎన్నో రాసుకుని వెళ్లండి, ఎందుకంటే కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, దానిని మార్చడం కుదరదు.